గొంగడి పోయిన బాట

తాహేరమ్మ మా వాడకట్టుల అడుగు పెట్టిందంటే చాలు, తలుపులు ఒక్కొక్కటే దగ్గర పడుతుండె. మనిషి చెడ్డది కాదు. గొర్ల దవాఖానల నర్సమ్మ ఆమె. కానీ ఆమె అడిగే మాటలే ఎవరికీ పడకపోతుండె. మీ ఇంటికి ఎవరొచ్చిండ్రు? ఏం తిన్నరు? ఎక్కడ పండుకున్నరు? ఏ దిక్కు పోయిండ్రు? మిల్ట్రీ క్యాంపుల కూడ గవ్వే మాటలు అడుగుతుండ్రి, ఎర్రజెండ సంఘంల తిరిగే పిల్లగాండ్ల కోసం. గందుకే మా దగ్గర ఎవర్ని కదిలిచ్చినా ఒక్కటే జవాబు: "ఎవ్వరు రాలేదమ్మా."

నేను కూడ అదే చెప్పిన. ఒళ్లె పసిపిల్ల జరంతోని కాలిపోతుంటే కూడ అదే చెప్పిన.

గొర్ల దవాఖాన అంటే నల్గొండ ఊరవతల, పారిపోయిన ఒక జాగీర్దారు బంగ్లా. రజాకార్ల జమానా పోయి యూనియన్ మిల్ట్రీ వచ్చినంక, మద్రాసు నుంచి ఒక డాక్టరు వచ్చి అండ్ల జరాల పరీక్షలు పెట్టిండు. లోపల అద్దాల సీసాలు, తెల్లెలుకలు. ఎనుక దొడ్లె గొర్లు. రోగమొచ్చిన గొర్ల నెత్తురు, మాయ తీసి, అండ్లున్న పురుగును సీసాలల్ల పెంచుతరట. దాన్ని ఎట్ల చంపాలెనో తెలుసుకునేతందుకు. మా ఇంటాయన దశరథం కురుమోళ్ల ఇంట్ల పుట్టినోడు, గొర్ల మర్మం తెలిసినోడని నౌకరి ఇచ్చిండ్రు. దొడ్డి ఊడ్సుడు, మేతేసుడు, ఈనే గొర్రెను కనిపెట్టుకొని ఉండుడు ఆయన పని.

ముందుగాల జరం పట్టింది కంపౌండరు అహ్మద్ అలీని. తాహేరమ్మకు సొంత అన్న. నెత్తి పగిలేటంత నొప్పి, ఎడతెగని దగ్గు, ఊపిరి అందకపోవుడు. మనిషి దక్కలేదు. ఆయన వెనుక మా ఆయనను పట్టింది. బంగ్లాలనే ఒక అర్రల పండవెట్టిండ్రు, ఇంటికి రానియ్యలేదు. ఎట్లనో బతికి బయటపడ్డడు. సీసాలు కడిగెటాయన, లెక్కలు రాసెటాయన గూడ మంచం పట్టిండ్రు. బంగ్లాల ఉన్నోళ్లకే వచ్చిందంటే బంగ్లాల నుంచే వచ్చిందని డాక్టరు ఒప్పుకున్నడు. గొర్లను చంపి కాలవెట్టిచ్చిండు. తలుపులకు తాళాలేపిచ్చిండు. అయినా జరం ఊర్లెకు దిగింది. ఎట్ల దిగిందో ఆయనకు అంతు పట్టలేదు.

జనానికి మాత్రం అంతు పట్టింది. "అహ్మద్ అలీ సచ్చేముందు బాయిల ఏదో కలిపిండు" అన్నరు. పోలీసు యాక్షన్ అయినంక సాయిబుల మీద ఏ మాట ఇసిరినా అతుకుతుండె. తాహేరమ్మ బాయి దగ్గరికొస్తే ఆడోళ్లు కడవలు ఎత్తుకొని పక్కకు జరుగుతుండ్రి. ఆమె సూసీ సూడనట్టు బొక్కెన చేదుకొని, అందరి ముందట ఆ నీళ్లే దోసిట్ల పట్టి తాగి, మూతి తుడుసుకొని పోతుండె.

డాక్టరుది కృష్ణ అవతలి మాట. "బట్టలన్నీ ఉడకబెట్టండమ్మా. దుప్పట్లూ, పక్కగుడ్డలూ, ఏ ఒక్కటీ వదలకండి" అని, ఊర్లె ఇంకెవ్వరు పడకముందే ఇల్లిల్లు తిరిగి చెప్పిండు. ఆయన అటు పోంగనే మా పక్కింటి గుర్వమ్మవ్వ మూతి గుండ్రంగ పెట్టి, "వదలకండీ! మా ముసలాయన గోచి కూడానా అండీ?" అన్నది. కడుపులు పట్టుకొని నవ్వినం. నవ్వితే నవ్వినం గని, అందరం ఉడకబెట్టినం. కాగులెక్కిచ్చి, చౌడేసి, చీరలు, ధోతులు, పిల్ల పొత్తిగుడ్డలు, ఆఖరికి తలకు చుట్టుకునే రుమాళ్లు గూడ. మా వాకిట్ల చెయ్యి పెట్టే సందు లేకుండ తీగెల మీద ఆరేసినం.

గంత చేసినా ఊర్లె ముందుగాల గుర్వమ్మవ్వే పడ్డది. ఆమె వెనుక మా ఆయనకు పెద్దనాయిన వరుస, పోచయ్య మామ. గా వెనుక నా బిడ్డ.

ఇక్కడ తొట్టెల దినం సంగతి చెప్పాలె, మా ఆయనకు జరం పట్టక ముందటిది. మా తాన బిడ్డను తొట్టెల్ల ఏసేది మేనమామ. ఆయన చెయ్యి పడందే పేరు పెట్టరు. నా తమ్ముడు కిష్టయ్య సంఘంల తిరుగుతాండు. ఈ ఆనవాయితీ పోలీసోళ్లకు ఎవరు చెప్పిండ్రో ఏమో, ఆ దినం పొద్దుగాలనే జమేదారు మా ఎదురింటి అరుగు మీద కూసొని శెనిక్కాయలు ఒలుసుకుంట తింటాండు. మా ఆయన తమ్ముని వరుస పిలగానికి ధోతి కట్టి, "ఇగో ఈడే మేనమామ" అని ముందట నిలబెట్టినం. గుర్వమ్మవ్వ జమేదారుకు గుగ్గిల్లు గూడ పంపింది. "తిను కొడుకా, నువ్వు గూడ సుట్టానివే గదా, పొద్దుందాక మా మొకాలే సూస్తివి" అన్నది.

పొద్దు వాలే యాళ్లకు మందల ఎంబడి కిష్టడు ఎనుక దొడ్లెకు వచ్చిండు. చేతిల కర్ర, మోకాళ్ల దాక దుమ్ము. ఇంట్ల గొంగడి పరిచి ఉండె. అది మా బాపు నేసిన నల్ల గొంగడి, నా లగ్గంల మా ఆయనకు పెట్టింది. ఇంటికి పెద్దమనుషులొస్తే దాని మీదనే కూసుండవెడ్తం. గుర్వమ్మవ్వ, పోచయ్య మామ దాని మీద కూసున్నరు, మధ్యల బిడ్డ. కిష్టడు గూడ వాళ్ల పక్కకు కూసొని బిడ్డను ఎత్తుకొని, చెవుల "కౌసల్యా" అని పిల్సి, తొట్టెల్ల ఏసిండు. చిటికెన వేలు దాని పిడికిట్ల పెట్టి, ఇడిపిచ్చుకోలేక గట్లనే నిలబడ్డడు.

పొయ్యేటప్పుడు చలి కొడ్తాంది. నేనే గొంగడి దులిపి, కొప్పె పెట్టి నెత్తి మీదికెల్లి కప్పిన. కొప్పె పెట్టుకుంటే ముఖం కనపడది, గొర్లకాపరే అనుకుంటరు. "ఆత్మకూరుల పెద్దమ్మ ఇంట్ల జర దినాలు ఉంట అక్కా. అవతల కృష్ణ దాటుత" అన్నడు. పోయిండు.

ఆ ముచ్చట వాడకట్టంతకు ఎరుకే. ఒక్కలన్నా నోరు ఇప్పలేదు.

బిడ్డకు జరం పట్టినంక డాక్టరు వచ్చి సూసిండు. మలేరియా అన్నడు. చేదు మందు ఇచ్చిండు. తగ్గలేదు. బంగ్లా జరానికి కొత్తగ విమానంల వచ్చిన పచ్చ గోలీలున్నయట, మా ఆయన బతికింది వాటితోనే. "దీనికి అవ్వే ఇయ్యి దొరా" అని కాళ్ల మీద పడ్డ. "అవి పిడికెడు కూడా లేవమ్మా. ఈ పిల్ల బంగ్లాకు రాలేదు, బట్టలన్నీ ఉడకబెట్టారు. ఇది ఆ జ్వరం అనడానికి ఆధారం ఏదీ?" అన్నడు. ఆధారం యాడికెల్లి తేవాలె నేను? పిల్ల నా రొమ్ము నోట్ల పెట్టుకొని గుంజ శాతగాక ఇడుస్తాంది. పాలు గడ్డకట్టి నా గుండెలు పోట్లు పొడుస్తున్నయి. దాని ఊపిరి వినపడకపోతే నా ఊపిరి ఆగుతుండె. ముక్కు కాడ వేలు పెట్టి సూసుడు, కొంగు తడిపి నొసలు తుడుసుడు, మల్ల వేలు పెట్టుడు.

ఒక దినం తాహేరమ్మ పొద్దెక్కినంక వచ్చింది. ఎంబడి జమేదారు. జరమొచ్చిన ఇండ్లల్ల అడివి నుంచి వచ్చినోళ్లు దాక్కుంటున్నరని పోలీసోళ్ల అనుమానం, అందుకని ఆమెను ఒంటిగ పోనియ్యరు. ఆయన కడప దాటడు, జరమంటే భయం. బయట గోడకు ఆని నిలబడ్డడు. మా ఆయన లోపల మంచంల పండి ఉన్నడు, ఇంకా లేచి తిరిగే సత్తువ రాలేదు.

"పాలు తాగుతాందా?" అన్నది తాహేరమ్మ, పిల్ల కడుపు మీద చెయ్యేసి.

"రెండు గుక్కలు తాగి ఇడుస్తాంది."

ఆమె కింద కూలబడ్డది. కండ్లు గుంటలు పడ్డయి. "నాకు దిమాక్ పని చేస్తలేదు బిక్షమ్మా. దేవరకొండ అవతల ఒక గొల్లోళ్ల ఇంట్ల ఇదే జరం. కల్వకుర్తి దిక్కు ఇంకో ఇంట్ల. ఆడ కడుపుతోని ఉన్న పిల్ల, పిండం పోయింది, పిల్ల గూడ పోయింది. బంగ్లా మనిషి ఎవ్వడు ఆడికి పోలేదు. గాలికి ఎగిరిపోయిందా? ఇగో, లారీ తయారుగుంది, ఇప్పుడు ఆడికే పోతాన."

దేవరకొండ. కల్వకుర్తి. ఆత్మకూరుకు పొయ్యే బాట. తమ్మునికి జరమొచ్చిందా ఏంది అనుకున్న. గంత వరకే నాకు తట్టింది.

తాహేరమ్మ అలవాటు కొద్ది అడుగుతనే ఉన్నది. "తొట్టెల దినం అందరు ఒక్క బాయి నీళ్లే తాగిండ్రా?"

"ఒక్కటే బాయి."

"ఒక్కటే కూర?"

"గుర్వమ్మవ్వ నీసు ముట్టది. కల్లు గూడ ముట్టది."

"బిడ్డను దేని మీద పండవెట్టిండ్రు?"

"గొంగడి మీద."

"అది ఉడకబెట్టినవా?"

గంత బాధల గూడ నాకు నవ్వొచ్చింది. "గొంగడిని ఎవరన్నా ఉడకబెడ్తరా తాహేరమ్మా? చింతగింజల గంజి పోయి ముద్దయితది, ఎందుకు పనికి రాదు. ఉన్నికి మైల లేదు. సావుకు గాని పురుటికి గాని గొంగడికి అంటు లేదు. దులిపి ఎండకేస్తం, గంతే."

ఆమె నవ్వలేదు. "ఎవరి గొంగడి?"

"మా ఆయనది."

"బంగ్లాకు తీస్కపోయెటోడా?"

మంచంలకెల్లి మా ఆయన మాట్లాడిండు. గొంతు పీలగున్నది. "చలి కాలం గదమ్మా. ఈనిన పిల్ల తడి మీద ఉంటే బిగుసుకొని సస్తది. గొంగడిల సుట్టి పొట్టకు ఆనిచ్చుకున్న. మా నాయిన, మా తాత గట్లనే బతికిచ్చిండ్రు."

"డాక్టరు సాబ్‌కు ఎందుకు చెప్పలేదు?"

"బట్టల సంగతి అడిగిండు. గొంగడి సంగతి ఆయన అడగలే, నాకు యాదికి రాలే."

తాహేరమ్మ నా దిక్కు తిరిగింది. "ఆ దినం దాని మీద ఎవరెవరు కూసున్నరు?"

"గుర్వమ్మవ్వ. పోచయ్య మామ. నడుమ ఇది..." ఆ తర్వాతి పేరు నాలిక మీదికొచ్చి ఆగింది.

అందరు తిన్నరు, అందరు తాగిండ్రు. పడ్డది దాని మీద కూసున్నోళ్లే. ఆమెకు సమజయింది. "బాయి కాదు" అన్నది మెల్లగ. "బాయి కాదు బిక్షమ్మా. మా అన్న కాదు." ఓణి ముఖానికి అడ్డం పెట్టుకున్నది. భుజాలు అదిరినయి. మల్ల ముక్కు తుడుసుకొని, "గొంగడి ఏది? డాక్టరు సాబ్‌కు సూపెట్టాలె. ఊరందరి ముందట కాలవెట్టాలె" అన్నది.

బయట గోడకు ఆనిన జమేదారు మెడ సాపిండు. "క్యా? కంబల్?"

"కాలవెట్టినం" అన్న నేను. ఎట్ల వచ్చిందో వచ్చింది నోటికెల్లి. "ఈయనకు జరమొచ్చినంక భయపడి కాలవెట్టినం."

మా ఆయన కండ్లు మూసుకున్నడు. తాహేరమ్మ నా ముఖంలకు సూసింది, జమేదారు దిక్కు సూసింది. "ఫికర్ చెయ్యకు. బిడ్డకు మందు నేనిస్త, డాక్టరు సాబ్‌కు నేను జవాబు చెప్పుకుంట" అని సంచిల నుంచి డబ్బీ తీసింది. పచ్చ గోలీ ఇప్పి, పొడి జరంత తేనెల కలిపి, చిటికెన వేలుతోని పిల్ల అంగిట్ల రాసింది. పిల్ల చేదుకు ముఖం ముడిచింది. చప్పరిచ్చింది. మిగిలిన గోలీలు నా చేతుల పెట్టి ఎట్లియ్యాలెనో చెప్పింది.

నాకు కావల్సింది దొరికింది. ఇగ నోరు మూసుకుంటే అయిపోతుండె.

కానీ ఆమె లేస్తుంటే నాకు పెద్దమ్మ ఇల్లు కండ్లల్ల కనపడ్డది. ఇరుకు ఇల్లు. పెద్దమ్మ కోడలు నిర్మలకు నెలలు నిండుతున్నయి. కిష్టడు పోంగనే ఏం చేస్తడు? నడుము నొస్తుందని నిర్మల అంటే ముందుగాల గొంగడి తీసి దాని కింద పరుస్తడు. ఆయన గుణమే గంత. కల్వకుర్తి కాడ ఆ కడుపుతోని పిల్లకు గూడ గట్లనే పరిచి ఉంటడు. మంచి చేస్తున్న అనుకుంట పరుచుకుంట పోతాండు. జరం ఆయనకు గూడ వచ్చే ఉంటది, ఊపిరి అందక ఆ గొంగట్లనే ముడుసుకొని పండి ఉంటడు. చెప్పకపోతే ఆడ సస్తడు. చెప్తే తుపాకి. రెండిట్ల ఏది తొందరగ వస్తది?

లారీ మోత వినపడ్తాంది. ఇప్పుడు పోతే ఈమె మల్ల ఎన్నడొస్తదో.

"తాహేరమ్మా, జర లోపలికి రా. ఒక్క మాట."

జమేదారు కర్ర అడ్డం పెట్టిండు. "మాటలు ఈడనే చెప్పు. నేను గూడ ఇంట."

"ఆడోళ్ల మాట సాబ్."

"మీ ఆడోళ్ల మాటలే అసలు మాటలు."

"బిక్షమ్మా!" అన్నడు మా ఆయన మంచంల లేచి కూసొని. "పిల్లకు మందు దొరికింది. ఊకో."

నేను పిల్లను గట్టిగ ఒత్తుకున్న. జమేదారు దిక్కు సూడలేదు. తాహేరమ్మ కండ్లల్లకే సూసుకుంట చెప్పిన. "గొంగడి కాలవెట్టలే. మా తమ్ముడు కిష్టయ్య కప్పుకొని పోయిండు. ఆత్మకూరుల మా పెద్దమ్మ ఇంట్ల ఉంటడు. ఆడ నెలలు నిండిన మనిషి ఉన్నది. మందు ముందు ఆమెకియ్యి. నీకు పుణ్యముంటది, వాన్ని సంపనియ్యకు."

జమేదారు చేతిల కర్ర చంకల పెట్టుకొని లారీ దిక్కు ఉరికిండు. తాహేరమ్మ నా భుజం పట్టుకుంది. ఆమె గూడ ఉరికింది.

మర్నాటికి వాడకట్టంత ఎరుకయింది. తాహేరమ్మ లారీ ఎక్కేముందు చెప్పి పోయినట్టుంది, డాక్టరు బాయి కాడ నిలబడి, జరం బాయిది కాదు, అహ్మద్ అలీ ఏం కలపలేదు, బంగ్లా గొర్ల నుంచి గొంగడికెక్కింది, గొంగడి మీద కూసున్నోళ్లకు అంటింది అని చెప్పిండు. జనం విన్నరు. విని, ఇంటికి పొయ్యేటప్పుడు నా ముఖం దిక్కు సూడకుండ పోయిండ్రు. నాలుగు దినాలకు పచ్చ గోలీలతోని తేరుకున్న గుర్వమ్మవ్వ మంచంలకెల్లే అరిసింది: "నా జరం నాకే ఉండనియ్యకపోయినవే! సచ్చే ముసలిదాన్ని, నా కోసం గిట్ల చేసినవా?"

"నీ కోసం కాదవ్వా."

"మరెవరి కోసమే?"

చెప్పినా ఆమెకు తలకెక్కలేదు. మా ఆయన మాట్లాడుడు బంద్ చేసిండు. పెట్టింది తింటాండు, పిల్లను ఆడిస్తాండు, నా దిక్కు తిరగడు. పిల్లకు చెమట పట్టి జరం దిగింది. కడుపు నిండ పాలు తాగి, తాగినయి నా మీదనే కక్కి, నిద్రపోయింది. సంతోషపడదామంటే గుండె ఒప్పుకోలేదు. లారీ మోత వినపడ్తే వాకిట్లకు, ఆగిపోతే ఇంట్లకు.

ఆఖరికి తాహేరమ్మే కబురు పంపింది. తోలుకొచ్చిండ్రు, బతికే ఉన్నడు, జేలు దవాఖానల ఏసిండ్రు, వచ్చి సూసిపో అని.

ఆమె గేటు కాడ ఎదురుగ వచ్చింది. నేను ముందుగాల నిర్మల సంగతి అడిగిన.

"దాని నడుము కిందనే పరిచి ఉండె" అన్నది. "జరం అప్పుడే మొదలైంది. మందు ఏసిన. ఇప్పటికైతే కడుపు నిలిచింది. కాన్పయ్యేదాక నేను ఏ మాట ఇయ్య."

"గొంగడి?"

"పెద్దమ్మ వాకిట్లనే కాలవెట్టిన. మీ తమ్మునికి లేసి ఉరికే సత్తువ లేకుండె. ఆయనను మంచంతోని ఎత్తుకొచ్చిండ్రు. జమేదారుకు దగ్గరికి పోవుడంటేనే భయమాయె, కొట్టనన్న కొట్టలే."

లోపల ఇనుప మంచానికి కిష్టని కాలు గొలుసుతోని కట్టి ఉన్నది. గడ్డం పెరిగింది. బుగ్గలు లోపలికి పోయినయి. పిల్లను సూసి లేవబోయిండు, దగ్గొచ్చింది.

"తగ్గిందా దీనికి?"

"తగ్గింది తమ్మీ."

"పెద్దమ్మ పట్టిచ్చిందక్కా నన్ను" అన్నడు. "బుక్కెడు బువ్వ పెట్టిన చేత్తోనే పట్టిచ్చింది. మొకం మీదనే తిట్టిన. నీ ఇంట్ల నీళ్లు ముడితే నా పేరు కాదన్న. ఏడ్సుకుంట నిలబడ్డది గని మాట రాలే దానికి."

నేను మంచం పక్కకు కూసున్న. ఊకుంటే గూడ గడుస్తుండె. పెద్దమ్మ ఆత్మకూరుల ఉన్నది, నేను ఈడ. ఈయన జేల్ల ఉన్నన్ని దినాలు ఆమె మీద కోపంతోనే ఉంటడు, నా దగ్గరికి అక్కా అనుకుంట వస్తడు.

"పెద్దమ్మ కాదు కిష్టా" అన్న. "నేను చెప్పిన."

వాడు నా ముఖంలకు సూసిండు. పిల్ల వాని గొలుసు చప్పుడుకు చెయ్యి సాపింది.

"ఎవరికి చెప్పినవ్?"

"తాహేరమ్మకు."

"జమేదారు విన్నడా?"

"విన్నడు. వింటడని తెలిసే చెప్పిన."

వాడు కప్పు దిక్కు తిరిగి పండిండు. తిడ్తడని సూసిన. కొడ్తే మంచిగుండేది అనుకున్న. తాహేరమ్మ తలుపు కాడ నిలబడి ఇద్దర్ని సూస్తాంది, లోపలికి రాలేదు.

"నిర్మలకు ఎట్లున్నది?" అన్నడు.

"మందేసిండ్రు. కాన్పయ్యేదాక ఏం చెప్పలేం అన్నది."

"కల్వకుర్తి కాడ ఆ పిల్ల..."

"పోయిందట తమ్మీ."

వాడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు. మల్ల నా దిక్కు చూడలేదు. గోడ దిక్కు తిరిగి అన్నడు: "ఆత్మకూరుకు పో. పెద్దమ్మకు చెప్పు, నేను ఊకనే తిట్టిన అని. అది ఇంకా ఏడుస్తనే ఉంటది."

"పోత."

"నా దగ్గరికి ఇప్పుడే రాకు."

నేను పిల్లను చంకనేసుకొని బయటికొచ్చిన. ఆత్మకూరు దిక్కు బస్సు ఏడ ఆగుతదని తాహేరమ్మను అడిగిన. పసిపిల్లతోని గంత దూరం ఇప్పుడెందుకన్నది. నిర్మల నొప్పులు పడక ముందే పోవాలె అన్న. ఆమె ఇంక అడగలేదు. డబ్బీ తీసి, మిగిలిన గోలీలు సగం నా కొంగుల కట్టింది.